చెంచాలో సగం

మిషనమ్మకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. మేడమీద గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని కూర్చున్ననాటి నుంచి వీధి వీధంతా ఆమెను అలాగే పిలుస్తోంది. పిల్లల బడిసంచీ పట్టీ దగ్గర నుంచి కొత్తింటి కిటికీ తెరల దాకా, ఆ వీధిలో సూది పడాల్సినదేదైనా ఆ మెట్లెక్కి వెళ్లాల్సిందే. మనిషి సన్నం, మాట గట్టి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా ఒక్క అక్షరం పొల్లుపోకుండా తిట్టగలదని పేరు.

ఆమె కూతురు బుల్లి. పుట్టినప్పుడు రెండు అరచేతుల్లో ఇమిడిపోయిందని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఆ పిల్ల తల్లికంటే పొడుగు, తల్లికంటే బరువు. కాళ్లు మాత్రం పుట్టిననాటి నుంచీ మాట వినవు. చేతులు చురుకు, నోరు ఇంకా చురుకు. వీధి మూల గడియారాల రిపేరు కొట్లో పని చేస్తుంది. కంటికి భూతద్దం పెట్టుకుని, వెంట్రుకలాంటి స్ప్రింగులను పట్టకారుతో తీసి పెడుతుంది. చక్రాల కుర్చీ కింద మెట్ల పక్కనే గొలుసుతో కట్టి ఉంటుంది. బుల్లికీ ఆ కుర్చీకీ మధ్య ఉన్నదల్లా మెట్లే. తండ్రి ఉన్నన్నాళ్లూ ఆయన ఎత్తుకుని దించేవాడు. ఆయన పోయిన మర్నాటి నుంచి ఆ పని ఎవరూ అప్పజెప్పకుండానే మిషనమ్మ చేతికొచ్చింది.

ఎవరైనా సాయం పడతామంటే ఆమెకు మహా చిరాకు. బుల్లికీ పరాయి చేతులంటే భయమే. చిన్నప్పుడు ఎవరో పుణ్యాత్ముడు ఎత్తుకుంటానని ముందుకొచ్చి, సగం దారిలో చేతులు జార్చాడు. ఆ మచ్చ ఇంకా నుదుటి మీద ఉంది. అందుకని పొద్దున దించడం, సాయంత్రం ఎక్కించడం తల్లి పని. ఆ పనికి సెలవు లేదు.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున, మెట్ల మధ్య మలుపు దగ్గర, మిషనమ్మ మోకాళ్లు ఒక్కసారిగా లొంగిపోయాయి. జారలేదు, తూలలేదు. ఉన్నట్టుండి కాళ్లలోంచి ఎవరో దారం లాగేసినట్టయింది. గోడకు వీపు ఆనించి, కూతురిని ఒళ్లో పెట్టుకుని, ఎలా ఉన్నదలా కూలబడిపోయింది. బుల్లి మోచెయ్యి గోడకు గీసుకుపోయింది.

"అమ్మా, లిఫ్టు మధ్యలో ఆగిందేంటి? కరెంటు పోయిందా?" అంది బుల్లి.

మిషనమ్మకు నవ్వు రాలేదు. తొడలు గడగడా వణుకుతున్నాయి. లేవబోయింది, లేవలేకపోయింది. చివరికి కింద జిమ్ము నడిపే వస్తాదు చప్పుడు విని పరుగెత్తుకొచ్చి, బుల్లి కళ్లు గట్టిగా మూసుకుంటే, ఇద్దరినీ కిందికి చేర్చాడు.

ఆ కబురు మిషనమ్మ అన్నగారి చెవిన పడటానికి సాయంత్రం దాకా కూడా పట్టలేదు. ఆయన ఊరికి ఆ చివర చెక్కసామాను కొట్టు నడుపుతాడు. చెల్లెలంటే ప్రాణం, చెల్లెలి మొండితనమంటే ఒళ్లు మంట. వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఊరి బయట ఒక వసతిగృహం చూసొచ్చాను. మెట్లు లేవు. చూసుకోవడానికి మనుషులున్నారు. బుల్లిని అక్కడ చేర్పిద్దాం."

"నా పిల్ల నా దగ్గరే ఉంటుంది."

"ఎవరు మోస్తారే? నీ మోకాళ్లా? ఇవాళ మోచెయ్యి గీసుకుంది, రేపు తల పగిలితే ఎవరిని అడగమంటావు?"

"మావయ్యా, నేను ఇక్కడే ఉన్నాను. నన్నూ ఒక మాట అడగొచ్చు" అంది బుల్లి.

"నిన్ను అడిగితే నవ్వించి పంపిస్తావు" అన్నాడాయన. గొంతు తగ్గించాడు. "వానలు వెలిశాక మళ్లీ వస్తాను. అప్పటికి మీ అమ్మ నిన్ను మధ్యలో కూలబడకుండా కిందికి దించగలిగితే, ఆ వసతిగృహం మాట ఇక ఎత్తను. లేదంటే నేనే బండి తెస్తాను."

ఆయన వెళ్లాక మిషనమ్మ మిషను ముందు కూర్చుంది గానీ తొక్కలేదు. కింద జిమ్ములో ఇనుము ధన్‌మని పడింది. మామూలుగా అయితే కత్తెర పిడి తిరగేసి నేల మీద ఠంగుమని కొట్టేది. ఎన్నేళ్లుగానో పైనుంచి ఆమె, కిందనుంచి వాళ్లు, అదొక సంభాషణలా నడుస్తోంది. ఆ సాయంత్రం ఆమె కత్తెర ముట్టుకోలేదు. మెట్లు దిగి జిమ్ములోకే వెళ్లింది.

వస్తాదు ఆమెను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "అక్కా, ఇవాళ మెల్లిగానే దింపుతున్నాం కదా!"

"పోట్లాటకి రాలేదు తమ్ముడూ. ఈ పిల్లలకి నువ్వు పెట్టేదేదో నాకూ పెట్టు. నాకు బలం కావాలి."

కుర్రాళ్లు ఎత్తిన బరువులు ఎత్తినట్టే ఆగిపోయారు. వస్తాదు నవ్వలేదు. పొద్దున మెట్ల మీద ఆమె తొడలు వణకడం చూసినవాడు కదా. బల్ల మీది డబ్బాలను చూపించాడు. మిషనమ్మ ఒక్కోటీ మూత తీసి, వాసన చూసి, ఇదేంటి, అదేంటి, ఇది ఎవరు తాగుతారు, తాగితే ఏమవుతుంది అని అతని ప్రాణం తోడేసింది. ఆఖరికి ఒక తెల్లటి పొడి దగ్గర ఆగింది. వాసన లేదు, రుచి లేదు. సుద్దపొడిలా ఉంది.

"అది క్రియాటిన్ అక్కా. బరువు ఎత్తే క్షణంలో కండకి కావలసిన శక్తిని గబుక్కున అందించే సరుకు. మన ఒంట్లోనూ తయారవుతుంది, మాంసంలో, చేపలో ఉంటుంది. ఇది పైన ఇంకొంచెం."

"తాగితే బలమొస్తుందా?"

"తాగి కూర్చుంటే రాదు. కసరత్తు చేస్తేనే. వయసు మళ్లినవాళ్లకీ పనికొస్తుంది గానీ, కసరత్తు నువ్వే చెయ్యాలి. రోజుకి ఒక చిన్న చెంచా, అంచుకి సమంగా తలకొట్టి. నీళ్లల్లో కలిపినా సరే, పాలల్లో కలిపినా సరే. పొద్దునా రాత్రా అనే పట్టింపు లేదు, మానకుండా ఉండటమే పట్టింపు. కసరత్తు లేని రోజు కూడా మానకూడదు. త్వరగా రావాలని నాలుగు చెంచాలు పోసుకున్నావంటే కడుపు గొడవ చేస్తుంది. మొదట్లో ఒళ్లు కాస్త బరువెక్కుతుంది. కండలోకి నీరు చేరుతుందంతే, లావయ్యానని బెంగపడకు. వారాలు గడవాలి, నెల గడవాలి. అన్నిటికంటే ముందు డాక్టరమ్మకి చూపించి రా."

మూర్ఛలు రాకుండా బుల్లికి మందులిచ్చేది ఒక డాక్టరమ్మ. మిషనమ్మ ఆవిడ దగ్గరకే వెళ్లింది. ఆవిడ రక్తం, మూత్రం పరీక్ష చేయించి, కిడ్నీలు బాగానే ఉన్నాయంది. "మీరు తాగొచ్చు. కసరత్తు మాత్రం వదలకండి" అంది.

మర్నాటి నుంచి మొదలైంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, మెల్లిగా కూర్చోవడం. మెట్టు మీద ఒక కాలితో ఎక్కి దిగడం. బరువును ఒంటికి హత్తుకుని, నడుము వంచకుండా, తుంటితోనూ తొడలతోనూ లేవడం. వస్తాదు దగ్గరుండి నేర్పాడు. ఇంట్లో సాధన చేసుకోవడానికి బరువు కావాలంటే, జిమ్ములో ఇనుము ఆమెకు నచ్చలేదు. "మనిషిని ఎత్తేదాన్ని, ఈ చువ్వలతో నాకేం పని?" అంది. మందపాటి గుడారం బట్ట తీసి మనిషి మొండెం ఆకారంలో సంచీ కుట్టింది. మెడ చుట్టూ వేసుకోవడానికి రెండు చేతులు పెట్టింది. కుట్టు మీద కుట్టు వేసి, లోపల ఇసుక పోసింది.

బుల్లి దాన్ని చూసి ఒకటే నవ్వు. "నాకు చెల్లెల్ని కనిపెట్టావా అమ్మా! పాపం, బక్కచిక్కి ఉంది. కాస్త ఇసుక పెట్టు దానికి."

ఆ రోజు నుంచి ఆ సంచీ పేరు చెల్లి. వారం వారం చెల్లికి ఇసుక పెంచేవారు. బుల్లి కొట్టు నుంచి రాగానే అడిగేది: "చెల్లి ఏం తిన్నదీవేళ?"

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. చెంచా దగ్గరే పొరపాటు జరిగింది.

ఆ ఇంట్లో ఏది నోట్లోకి పోవాలన్నా ముందు రెండు ముక్కలు కావాల్సిందే. అరటిపండు, బిస్కెట్టు, ఎవరైనా తెచ్చిచ్చిన మిఠాయి, ఆఖరికి ఉడికించిన గుడ్డు కూడా. పెద్ద ముక్క కూతురికి, చిన్న ముక్క తనకు. బుల్లి పుట్టిన తర్వాత మిషనమ్మ ఏ వస్తువునైనా ఒక్కర్తే పూర్తిగా తిన్నట్టు ఎవరూ చూడలేదు. అలాంటి చేతికి నిండు చెంచా పొడి ఇస్తే అది ఏం చేస్తుంది? సగం తన గ్లాసులో వేసింది, సగం బుల్లి పాలల్లో. పొడికి రుచి లేదు కాబట్టి బుల్లికి తెలియలేదు.

అలవాటు ఒక్కటే అయితే బుల్లికి చెప్పే కలిపేదేమో. దాని అడుగున ఇంకొకటి ఉంది. డాక్టర్లు ఎప్పుడో తేల్చి చెప్పేసినా, బుల్లి తండ్రి పోయేముందు కూడా ఇక వదిలెయ్యమని చెప్పినా, ఆమె వదలని ఆశ ఒకటి. ముసలి కాళ్లకే బలమిచ్చే పొడి పడుచు కాళ్లకు ఏమీ చెయ్యదా? రాత్రి బుల్లి కాళ్లకు నూనె రాస్తూ బొటనవేలి వైపు చూసేది. కదిలిందా? కదిలినట్టుందా? ఎవరితోనూ అనలేదు. అంటే జాలిపడతారు, లేదంటే నవ్వుతారు.

చెల్లి మాత్రం అనుకున్నంతగా లావెక్కలేదు. వస్తాదు గడ్డం గోక్కున్నాడు. "రోజూ తాగుతున్నావా అక్కా?"

"తాగుతున్నా."

"తిండి?"

"తింటున్నా."

రెండూ నిజమే. రెండూ సగం నిజం.

బుల్లి మందుల కోసం అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయిస్తారు. ఆ నెల పరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కళ్లజోడు సవరించుకుంది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"కిడ్నీలు ఎలా పని చేస్తున్నాయో చెప్పే అంకె ఒకటి పెరిగింది. బుల్లి ఒంట్లో కండ తక్కువ. ఆ అంకె ఎప్పుడూ తక్కువగానే ఉండాలి. కొత్తగా ఏమైనా మందులు వాడారా? మాత్రలు, పొడులు?"

"ఏం లేవు డాక్టరమ్మా. పాత మందులే" అంది బుల్లి.

మిషనమ్మ ఆ కాగితం వైపు చూసింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ మూసుకుంటే పిల్ల ఏమవుతుంది?

"ఉంది" అంది. "నా పొడి. సగం దీని పాలల్లో కలిపాను."

బుల్లి మెడ తిప్పి తల్లి వైపు చూసింది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"మీకు కదమ్మా ఇచ్చింది?"

"ఏది తిన్నా దీనికి సగం పెడతానమ్మా. చెయ్యి ఊరుకోదు." తర్వాత ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లిగా అడిగింది: "దీని కాళ్లకి... ఏమైనా ఉపయోగం..."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "లేదమ్మా. బుల్లి కాళ్లలో లోటు కండది కాదు. మెదడు నుంచి కాళ్లకి వెళ్లాల్సిన కబురు సరిగా వెళ్లదు. కబురు అందని కండకి ఎంత సరుకు పంపినా అది పని చెయ్యదు." కాగితం మీద వేలు పెట్టి అంది: "ఆ పొడి ఒంట్లో అరిగి, ఈ అంకె కింద లెక్కకొస్తుంది. కాబట్టి కిడ్నీలు బాగుండి కూడా అంకె పెరిగి ఉండొచ్చు. కానీ ఉండొచ్చు అనుకుని ఊరుకోను. బుల్లికి ఆపెయ్యండి. కొన్ని వారాలు పోయాక మళ్లీ పరీక్ష చేద్దాం. అప్పుడు తెలుస్తుంది."

ఇంటికి వస్తున్నంతసేపూ బుల్లి నోరు విప్పలేదు. ఆ నోరు అంతసేపు మూసి ఉండటం వీధిలో ఎవరూ ఎరగరు. మెట్ల మలుపులో మిషనమ్మ ఆగి ఆయాసపడుతుంటే కూడా ఒక్క వేళాకోళమైనా ఆడలేదు. గదిలో మంచం మీద కూర్చోబెట్టాక అంది:

"నాకెందుకమ్మా సగం? నేనెవర్ని మోస్తున్నానని?"

మిషనమ్మ నేల చూపులు చూసింది.

"నువ్వింకా నా కాళ్ల కోసం ఎదురుచూస్తున్నావా?"

కింద ఎవరో ఇనుము దింపారు. గోడ మీద గడియారం అద్దం చిన్నగా అదిరింది.

"నేను మానేసి చాలా కాలమైందమ్మా" అంది బుల్లి. "అవి రావని తెలిసిననాడు ఏడ్చాను. నీకు తెలీకుండా ఏడ్చాను. తర్వాత గడియారాలు నేర్చుకున్నాను. నువ్వు నా కాళ్ల వైపు చూసినప్పుడల్లా నాకేదో అప్పగించిన పని చెయ్యనట్టు ఉంటుంది. ఇంక చూడకు."

మిషనమ్మ లేచి వెళ్లి కూతురి పక్కన కూర్చుంది. ఆ రాత్రి నూనె రాసింది గానీ బొటనవేలి వైపు చూడకుండా రాసింది.

ఆ తర్వాతి రోజులు మహా భారంగా గడిచాయి. బుల్లికి ఆపమన్నారు గానీ మిషనమ్మ తనూ ఆపేసింది. డబ్బాను గుడ్డపీలికల బుట్ట అడుగున పడేసింది. చెల్లి మూలన ముడుచుకుని కూర్చుంది. పిల్ల కిడ్నీలకు ఏదైనా అయితే ఈ చేతులు ఏం చేసుకోవాలి అన్నదొక్కటే ఆలోచన. అన్నం సయించలేదు. కుట్లు వంకర పోయాయి. ఒకావిడ తెరలకు అంచు తలకిందులుగా కుట్టి ఇస్తే, ఆవిడ కూడా ఆమె ముఖం చూసి మారుమాట్లాడకుండా పట్టుకుపోయింది.

పైనుంచి శబ్దం లేకపోయేసరికి వస్తాదే మెట్లెక్కి వచ్చాడు.

"అక్కా, ఇనుము ఎంత గట్టిగా పడేసినా తిట్టట్లేదు. నాకేం తోచట్లేదు."

సంగతి బుల్లి చెప్పింది. విని అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. "నాదీ తప్పే. చెంచా కొలత చెప్పాను గానీ ఈ ఇంట్లో ఎలా తింటారో అడగలేదు" అన్నాడు. మిషనమ్మ అతనికి మంచినీళ్లిచ్చింది.

రెండో పరీక్షకు వెళ్లిన రోజు వాన పడీ పడనట్టు పడుతోంది. డాక్టరమ్మ కాగితం చూసింది. ఈసారి కళ్లజోడు సవరించుకోలేదు.

"దిగింది. పాత చోటికే వచ్చేసింది. కిడ్నీలకేం కాలేదు."

మిషనమ్మ బయట బల్ల మీద కూర్చుని, బుల్లి కుర్చీ చక్రం పట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇక చాలమ్మా, కుర్చీ తుప్పు పడుతుంది" అంది బుల్లి. తన కళ్లూ తుడుచుకుంది.

డాక్టరమ్మ వాకిట్లోకి వచ్చి మరీ చెప్పింది. "మీరు మాత్రం మళ్లీ మొదలుపెట్టండి. మీరు ఒక్కరే. ఎక్కడ పరీక్ష చేయించుకున్నా, ఈ పొడి తాగుతున్నానని ముందే చెప్పండి."

మిషనమ్మ తల అడ్డంగా ఊపబోయింది. బుల్లి తల్లి చెయ్యి పట్టుకుంది. "తాగుతుంది డాక్టరమ్మా. నా ఎదురుగా తాగుతుంది."

మర్నాడు పొద్దున బుట్ట అడుగునుంచి డబ్బా బయటికొచ్చింది. బుల్లి మంచం మీద కూర్చుని జైలు కాపలాదారులా చూస్తోంది. మిషనమ్మ చెంచా తలకొట్టి గ్లాసులో వేసింది, నీళ్లు పోసింది, కలిపింది. సగం తాగి గ్లాసు దింపింది.

"ఇంకా ఉంది" అంది బుల్లి.

"గొంతు దిగట్లేదే."

"ఎందుకు దిగదు? నీళ్లే కదా."

నీళ్లే. కానీ ఆ మిగతా సగం ఎన్నో ఏళ్లుగా ఆమెది కాదు. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని తాగింది. అడుగున పొడి పేరుకుంటే బుల్లి ఇంకాసిన్ని నీళ్లు పోయించి, కలిపించి, అదీ తాగించింది. తర్వాత గుడ్డు. మొత్తం గుడ్డు. మిషనమ్మ అలవాటుగా దాని మధ్యలో గోరు పెట్టబోతే, "కత్తిరించావంటే మావయ్యకి ఫోను చేస్తా" అంది బుల్లి.

వారాలు గడిచాయి. చెల్లి లావెక్కింది. ఒకసారి కుట్టు పిగిలి గదంతా ఇసుకైతే, "చెల్లికి వాంతులు" అని బుల్లి వీధికంతా చాటింది. మిషనమ్మ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేస్తోంది. మెట్ల మలుపులో ఇదివరకు గోడకు ఆనుకునే చోట ఇప్పుడు ఒక్క ఊపిరి తీసుకుని సాగిపోతోంది. బలం ఒక రోజున వచ్చిపడలేదు. ఒకనాడు నీళ్ల బిందె ఎత్తి, ఇది నిండలేదా ఏమిటని లోపలికి తొంగి చూసుకుంది. నిండే ఉంది.

వానలు వెలిశాయి. అన్నగారు వచ్చాడు, బండి కూడా తెచ్చుకున్నాడు. వీధిలో దాన్ని ఆపి పైకొచ్చి, కూర్చోవడానికి కుర్చీలో ఉన్న సంచీని పక్కకు పెట్టబోయి, "అబ్బా!" అని నడుము పట్టుకున్నాడు.

"ఇందులో ఏముందే?"

"అది నా చెల్లెలు మావయ్యా. పెద్దవాళ్లు ఎత్తకూడదు, అలిగి కూర్చుంటుంది" అంది బుల్లి.

ఆయన నవ్వలేదు. మిషనమ్మ వైపు తిరిగాడు. "సరే, పద. దించు చూద్దాం."

మిషనమ్మ మంచం దగ్గర వంగకుండా, మోకాళ్లు మడిచి దిగింది. బుల్లి చేతులు మెడ చుట్టూ వేసుకుంది. కూతురిని ఒంటికి హత్తుకుని తొడలతో లేచింది. గుమ్మం దాటింది. ఒక్కొక్క మెట్టూ పాదం మొత్తం ఆనించి దిగుతోంది. అన్నగారు వెనకాలే, పడితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాపుకుని దిగుతున్నాడు. కింద గుమ్మంలో వస్తాదు, అతని కుర్రాళ్లు. ఎవరూ ఇనుము కదపలేదు.

మలుపు వచ్చింది. మిషనమ్మ ఒక్క ఊపిరి తీసుకుంది. బుల్లి ఆమె చెవి దగ్గర లిఫ్టు గురించి ఏదో అంది. తల్లి పెదవులు నవ్వుకు కదిలాయి. మిగతా మెట్లు దిగి, కూతురిని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లు సర్ది, నిటారుగా నిలబడింది. మోకాళ్లు వణకలేదు.

అన్నగారు చివరి మెట్టు మీద కూర్చుండిపోయాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"దాని బరువు చూసి కాదే నేను భయపడింది. నువ్వు పడతావని. నువ్వు పడితే నాకెవరున్నారే?" అన్నాడు. కాసేపటికి, "మరి నీకు ఇంకా వయసు మీద పడితే?" అని మెల్లిగా అడిగాడు.

ఆ ప్రశ్న మిషనమ్మ తనను తాను ఎన్నిసార్లు అడిగిందో ఆయనకు తెలియదు.

"పడుతుంది అన్నయ్యా. పొడి తాగినంత మాత్రాన వయసు ఆగదు. అప్పటికి వసతిగృహం కాదు, మెట్లు లేని గది వెతుకు. ఈ వీధిలోనే. అందాకా నేనున్నాను."

ఆయన తల ఊపాడు. బండి ఖాళీగా తిరిగి వెళ్లింది. వెళ్లేటప్పుడు వీధి పొడుగునా ప్రతి ఇంటి కింద గదినీ తొంగి తొంగి చూసుకుంటూ వెళ్లాడు.

మర్నాడు పొద్దున మిషనమ్మ డబ్బా మూత తీసి, అలమారలోంచి తన గ్లాసు తీసింది. ఆలోచించకుండానే చెయ్యి రెండో గ్లాసు కోసం వెళ్లింది. అది బోర్లించి ఉంది. బోర్లించింది తను కాదు. అందనంత ఎత్తు కాదు, మంచం అంచు నుంచి చెయ్యి చాపితే బుల్లికి అందే అరే.

మిషనమ్మ దాన్ని అలాగే ఉంచింది. చెంచా నిండా తీసి, తలకొట్టి, కలిపి, నిలబడే మొత్తం తాగింది. తర్వాత కూతురి కోసం మోకాళ్లు మడిచింది.